పంపు పోయిందన్నారు

వెనక సీటు ఒక పట్టాన లేవలేదు. రెండు మూలలా కింద చేతులు పెట్టి ఒక్క గుంజు గుంజితే టక్కున ఊడి రావాలి. పద్నాలుగేళ్ళుగా ఆ కారుతో కాపురం చేస్తున్నవాడికి ఆ మాత్రం తెలియదా, కానీ ఇవాళ ఎడమ మూల మాట విన్నది, కుడి మూల మొండికేసింది. ఆయన మోకాలు గుమ్మం మీద ఆనించి, నడుం లోపలికి వంచి, పళ్ళు బిగబట్టి మళ్ళీ గుంజితే అప్పుడు లేచింది, ఇన్నేళ్ళ దుమ్ముతో సహా. దాని కింద ఒక పెన్ను మూత, రెండు తలపిన్నులు, మనవరాలి రంగు పెన్సిలు ముక్క, రాయిలా గట్టిపడ్డ చాక్లెట్ ఒకటి. ఒక్కొక్కటీ ఏరి పోర్టికో గట్టు మీద వరసగా పెట్టాడు. తొందరేమీ లేదు. భార్య కూతురింటికి వెళ్ళింది, నాలుగింటికి గాని రాదు. ఇప్పుడు పన్నెండు దాటింది. ఈలోగా పాత పంపు తీసి, కొత్తది దింపి, చేతులు కడుక్కుని, ఆవిడ గేటు తీసే వేళకి కారు గుర్రుమంటూ ఉండాలి. అప్పుడు చూడాలి ఆవిడ మొహం. ఆవిడదే కాదు, కూతురి మొహం, అల్లుడి మొహం, ఆ మెకానిక్కు సైలెన్సర్ గాడి మొహం, అందరివీ చూడాలి.

మూడు వారాలైంది కారు కదలక. ఒక ఉదయం తాళం తిప్పితే ఇంజను తిరిగింది గాని అందుకోలేదు. తిరుగుతుంది, తిరుగుతుంది, అందుకోదు, ఎండిపోయిన కుండని పదేపదే వంచి చూస్తున్నట్టు. తాళం తిప్పగానే వెనక సీటు కింద రెండు సెకన్ల పాటు జుమ్మని చిన్న చప్పుడు వినిపించాలి. టాంకులో మునిగి కూర్చుని ఇంజనుకి పెట్రోలు అందించే పంపు చప్పుడది. అది వినిపించలేదు. ఫ్యూజు చూశాడు, శుభ్రంగా ఉంది. మెకానిక్కుని పిలిచాడు. ఆ మెకానిక్కుకి సైలెన్సర్ అని పేరు పెట్టింది కూడా ఈయనే, అంబులెన్సు నడిపే రోజుల్లో, మనిషి నోట్లోంచి మాట బయటికి రాదు గనక. వచ్చాడు, తాళం తిప్పాడు, చెవి ఒగ్గాడు, పంపు పోయిందన్నా అన్నాడు. మార్చెయ్యరా అంటే, ఈ మోడలుకి ఇప్పుడు రావట్లేదన్నా అన్నాడు. వాడి నోటి నుంచి ఒకే రోజు అన్ని మాటలు రావడమే ఎక్కువ, అందుకే నమ్మేశాడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఈయన వైపు చూడలేదు. చెప్పుల వైపు చూస్తూ వెళ్ళాడు. పార్టు దొరకనందుకు సిగ్గుపడుతున్నాడు కాబోలు, పనితనం ఉన్నవాడు కదా అనుకున్నాడు ఈయన. అనుకుని ఊరుకోలేదు. ఆస్పత్రి గరాజులో స్టోరు చూసిన పాత స్నేహితుణ్ణి పట్టుకున్నాడు. ఆయన ఎక్కడెక్కడో గాలించి, పదిహేను రోజులకి ఒక పెట్టె పంపించాడు. ఆ పెట్టె రెండు రోజులు మంచం కింద ఉంది. ఇంట్లో చెప్పలేదు. చెప్తే, ఈ వయసులో నడుం వంచి మీకెందుకండీ ఆ పని, అంటుంది. అనేముంది, అనడమే ఆవిడ పని.

బ్యాటరీ తీగ ముందే తీసేశాడు, పదో నంబరు పానాతో, నల్ల తీగ. నిప్పు రవ్వ పుట్టకూడదు. పంపుని పట్టి ఉంచే రింగుని ఇనప సుత్తితో కొట్టకూడదు, చెక్కముక్క ఆనించి చెక్కమీద కొట్టాలి. కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి పెట్టాలి, గాలి ఆడాలి. చేతి కింద తడిగుడ్డ. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, దారి పక్కన నేర్చుకున్నవి, బండిలో మనిషి ప్రాణం కొట్టుకుంటూ ఉండగా బండి ఆగిపోతే నేర్చుకోక ఏం చేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. ఆస్పత్రిలో ఆయన్ని పైలట్ అనేవారు, పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా. ఏ సందు ఏ వేళకి ఇరుకవుతుందో, ఏ స్పీడు బ్రేకరు మీద వెనక పడుకున్నవాడి వెన్ను అదురుతుందో ఆయనకి కంఠతా. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క గీత లేదు బండి మీద. ఒక్క గీత. ఆ మాట రిటైరైన రోజు మైకులో చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ముందు వరసలో కూర్చున్నది ఈవిడే కదా. ఈవిడే.

ఈవిడ నర్సు. అంబులెన్సులో ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య అరచెయ్యంత కిటికీ ఉండేది. తొమ్మిదేళ్ళు ఆ కిటికీలోంచి ఆవిడ గొంతు వింటూ బండి నడిపాడు. రెండే మాటలు, తొందర, నిదానం. మూడో మాట ఎప్పుడూ అవసరం పడలేదు. బంధువులు వెనక నుంచి ఎలా ఉందమ్మా ఎలా ఉందమ్మా అని పీక్కు తింటుంటే వాళ్ళకి చూద్దాం అని చెప్పేది, కిటికీలోంచి మాత్రం నిజం చెప్పేది. ఒక్కోసారి, ఆ ఏడుపుల మధ్య, ఇంక నిదానంగానే పోనివ్వండి, అనేది. ఆ నిదానంగానే అన్నదాంట్లో చివర ఒక సాగదీత ఉంది చూశారూ, అది వినగానే ఆయన సైరను ఆపేసేవాడు. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. బంధువులకి ఇంకా తెలియదు, ఆయనకి తెలిసిపోయేది. లోకంలో అందరికన్నా ముందు తనకే నిజం చెప్పే మనిషి ఒకరున్నారని ఆయనకి అలా అలవాటైపోయింది. ఆ అలవాటుకే తాళి కట్టాడేమో కూడా. పెళ్ళయిన కొత్తలో చుట్టాల ముందు, సిస్టర్, కాస్త మంచినీళ్ళు, అని పిలిచేశాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది, మామగారు నవ్వాలో మానాలో తెలియక పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు నీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, ఇంకేమైనా కావాలా డ్రైవరుగారూ, అంది. ఆ గడుసుతనం ఇంకా పోలేదు. పైగా ముదిరింది.

చాప తీశాడు. చాప కింద నల్లటి రేకు మూత, నాలుగు స్క్రూలు. ఇక్కడ చెయ్యి ఆగింది. చుట్టూ దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది, తడిసి ఆరిన మట్టిలా. స్క్రూల తలల మీద మాత్రం లేదు. గాడులు మెరుస్తున్నాయి, నిన్నో మొన్నో ఎవరో స్క్రూడ్రైవరు పెట్టినట్టు, అదీ చెయ్యి తిరిగినవాడు కాదు, ఒకదాని గాడి కాస్త చెదిరింది కూడా. సైలెన్సర్ సీటే ఎత్తలేదు కదా. ఎత్తాడేమో, తను లోపలికి వెళ్ళినప్పుడు. ఎత్తి చూసే ఉంటాడులే. చూడకుండా పంపు పోయిందని ఎలా అంటాడు. ఆయన మొదటి స్క్రూ తీశాడు, రెండోది తీశాడు, మూడోది తీస్తుంటే వేలి కొస నుంచి జారి టింగుమని పడింది. ఎక్కడో దగ్గరే పడింది. చప్పుడు ఎడం పక్క నుంచి వచ్చింది. చూశాడు, లేదు. అరచేత్తో తడిమాడు, లేదు. తల మొత్తం తిప్పి చూస్తే అప్పుడు కనిపించింది, చిటికెన వేలికి జానెడు దూరంలో, ఎదురుగా, అంతసేపూ అక్కడే ఉన్నట్టు. ఉంది కూడా అంతసేపూ అక్కడే.

పక్క చూపు పోతోందండీ అన్నాడు కంటి డాక్టరు, కారు ఆగిపోకముందే. కుర్ర డాక్టరు, మీసం కూడా సరిగా రాలేదు. నీటికాసులు, అంచుల నుంచి మొదలై లోపలికి వస్తుంది, ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది గనక మనిషికి తెలియదు. ఒక తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి గడ్డం ఆనించి కూర్చోబెట్టారు, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆయన కాసేపు చుక్కల కోసం చూశాడు. రావట్లేదు. ఇన్నేళ్ళు బండి నడిపినవాడికి లయ తెలియదా, ఇక ఇప్పుడు వెలగాలి అనుకున్నప్పుడల్లా నొక్కుకుంటూ పోయాడు. యంత్రం చీటీ కక్కింది. డాక్టరు చదివి నవ్వాడు. పెద్దాయనా, చుక్క వెలగనప్పుడు కూడా నొక్కారు మీరు, అన్నాడు. డ్రైవింగు మానెయ్యమన్నాడు. జీవితాంతం చుక్కల మందు వేసుకోమన్నాడు. వచ్చేటప్పుడు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో, అక్కడి నుంచి పాత టైరు ట్యూబుల వెనక దాచాడు, మందు సీసాని మాత్రం బాహాటంగా అద్దం ముందు పెట్టాడు. ఇదేమిటండీ అని ఆవిడ అడిగింది. కళ్ళు పొడిబారుతున్నాయట, అన్నాడు, ఆ తర్వాత అడిగినప్పుడల్లా కూడా అదే అన్నాడు. ఆవిడ సీసా తిప్పి చూసింది, మళ్ళీ అక్కడే పెట్టింది. ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కదా అని తేలు కుట్టిన దొంగలా ఆయనా ఏమీ అనలేదు. అదీ ఒక అబద్ధమేనా? మగవాడన్నాక ఒంట్లో నలతని అలా అటూ ఇటూ సర్దుకోడూ? అది ఎవర్ని ముంచింది?

నాలుగో స్క్రూ తీసి మూత ఎత్తాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. పంపు నెత్తిన తెల్లటి ప్లగ్గు బిగించి ఉండాలి, దాంట్లోంచే కరెంటు వెళ్తుంది. ప్లగ్గు లేదు. పీకి పక్కన పెట్టి ఉంది. తెగలేదు, కాలలేదు, ఊడిపోలేదు, గొళ్ళెం నొక్కి పద్ధతిగా పీకిన ప్లగ్గు. దాని నోట్లోకి దుమ్ము పోకుండా గాజుగుడ్డ చుట్టి ఉంది, రెండు చుట్లు, పైన ముడి. ముడి చదునుగా, రెండు కొసలూ సమానంగా, కత్తెర పెట్టకుండా ఒక్క లాగుతో ఊడివచ్చేటట్టు. ఆయన మోచేతికి ఎన్నిసార్లు కట్టిందో ఆ ముడి. కూతురు పుట్టిన ఏడాది వేలు బానెట్టు కింద నలిగినప్పుడు కట్టింది, ఇంజను వేడికి చెయ్యి బొబ్బలెక్కినప్పుడు కట్టింది. నలభై మంది నర్సుల మధ్య పెట్టి, ఈ ముళ్ళలో మీ ఆవిడది ఏది అంటే కళ్ళు మూసుకుని పట్టుకోగలడు.

ఆయన వెనక్కి జరిగి కారు గుమ్మం మీద కూలబడ్డాడు, కాళ్ళు బయట, వీపు లోపల, ఒళ్ళో స్క్రూడ్రైవరు. కంచే చేను మేసిందంటే ఇదే. ఒక్కొక్కటే వస్తోంది ఇప్పుడు, తెగిన దండలోంచి పూసలు రాలినట్టు. కారు కదలని ఆ ఉదయం ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో చాట. అయ్యో అనలేదు. ఇంట్లో కుక్కరు ఈల ఆగిపోతేనే అయ్యో అనే మనిషి. సైలెన్సర్ వచ్చినప్పుడు, ఎన్నడూ లేనిది, వాడికి మంచినీళ్ళు తనే తెచ్చి ఇచ్చింది, గేటు దాకా సాగనంపింది. మర్నాడు కూతురు ఫోన్లో, నాన్నా, ఇప్పుడు బస్సులు ఎంత బాగుంటున్నాయో తెలుసా, సీట్లు మెత్తగా, అని తేనె పూసింది. ఏ పెళ్ళిలోనూ పట్టుమని పది మాటలు మాట్లాడని అల్లుడు, పాత బండి మావయ్యగారూ, వదిలించేసుకోండి, అన్నాడు. అందరికీ తెలుసు. ఊరందరికీ తెలిసిన సంగతి తాళం చేతిలో ఉన్న ఒక్కడికే తెలియదు. మూడు వారాలు ఆయన ఆ పార్టు కోసం గడ్డం పట్టుకుని బతిమాలాడు మనుషుల్ని. కాగితం మీద బొమ్మ గీసి పంపించాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని, దొరుకుతుందే, ఎక్కడో ఒక చోట ఉండకపోదు, అంటుంటే ఆవిడ మజ్జిగ పోస్తూ, దొరుకుతుందిలెండి, అంది. దొరుకుతుందిలెండి. ఎంత నిబ్బరంగా అంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా.

అసలు ఆవిడకి ఎలా తెలుసు ప్లగ్గు ఎక్కడుంటుందో? తనే చెప్పాడు. దీనికి ముందున్న కారుకి పంపు మార్చినప్పుడు, ఇదే పోర్టికోలో, ఆవిడ టార్చి పట్టుకుని పక్కన నిలబడింది. నాలుగుసార్లు ఆవులించింది. ఆయన మాత్రం తన ధోరణిలో, ఇదిగో చూడు, ఈ గొళ్ళెం నొక్కితే గాని ప్లగ్గు రాదు, చాలామంది లాగి విరిచేస్తారు, అని చెప్పుకుంటూ పోయాడు. గోడతో చెప్పినట్టే అనుకున్నాడు. గోడ వింది. ఒక్క ముక్క మర్చిపోలేదు. ఇరవై ఏళ్ళు లోపల దాచుకుని, అదును చూసి, తను నేర్పిన విద్యతోనే తన కళ్ళకి గంతలు కట్టింది. ఎప్పుడు చేసి ఉంటుంది? తను మధ్యాహ్నం కునుకు తీసినప్పుడా? ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఈ గుమ్మం మీద ఎలా వంగింది? ఆ బరువు సీటు ఒక్కతే లేపిందా? వంగిన ఆవిడ వీపు, వేళ్ళకి అంటిన నల్ల మసి, తర్వాత సబ్బుతో తోముకోవడం, తోముకుని వచ్చి టీ ఇవ్వడం, అన్నీ కనిపిస్తున్నాయి, ఎదురుగా, స్పష్టంగా. ఎదురుగా ఉన్నవి బాగానే కనపడతాయి ఆయనకి.

అంతా ఆ సిగ్నలు వల్ల. సిగ్నలు కాదు, ఏమీ కాదు, అది పసుపే. కారు ఆగిపోవడానికి నాలుగు రోజుల ముందు బడి నుంచి మనవరాల్ని తెస్తున్నాడు, సాయంత్రం నాలుగున్నర, ఎండ ఏటవాలుగా పడుతోంది, ఎవరికైనా అలాంటి ఎండలో దీపం రంగు తెలియదు. తాతయ్యా ఎరుపు, అంది వెనక నుంచి. అప్పటికే నడి చౌరస్తాలో ఉన్నాడు. ఎడం పక్క నుంచి ఏదో పెద్దది కేకలు పెడుతూ ఆగింది, లారీయో బస్సో. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు, ఖాళీ రోడ్డు మీద మొలిచినట్టు వచ్చింది. ఏమీ కాలేదు కదా. గీత పడలేదు. పక్క సందులో కారు ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి, తియ్యబోతే రాలేదు. అద్దంలో పాప, ఏడేళ్ళ పిల్ల, బడి సంచీని కడుపుకి హత్తుకుని కూర్చుంది. ఎరుపు కాదమ్మా పసుపు, అన్నాడు. పాప కిటికీలోంచి బయటికి చూసింది. ఇంట్లో చెప్పకే, అమ్మమ్మ కంగారు పడుతుంది, మనిద్దరి మధ్యే ఉండనీ, అన్నాడు. సరే అంది. ఒట్టు వెయ్యమన్నాడు. తన తల మీద చెయ్యి పెట్టించుకున్నాడు. ఆ ఒట్టు సంగతి ఈ మూడు వారాల్లో ఒక్కసారి కూడా గుర్తు చేసుకోలేదు ఆయన, గుర్తు చేసుకోకూడదని గట్టిగా అనుకున్నవాడికే సాధ్యమైనంత గట్టిగా.

లేచాడు. గాజుగుడ్డ ఒక్క కొస పట్టి లాగాడు, ఊడి చేతిలోకి వచ్చింది. ప్లగ్గు దాని చోట పెట్టి నొక్కాడు, టిక్కుమంది. బ్యాటరీ తీగ బిగించాడు. ముందు సీట్లో కూర్చుని తాళం సగం తిప్పాడు. జుమ్మంది. రెండు సెకన్లు. రింగు తియ్యలేదు, పంపు పైకి లాగలేదు, కొత్తది పెట్టెలోంచి బయటికే రాలేదు, బంగారం లాంటి పంపు టాంకులో కూర్చుని జుమ్మంది. పూర్తిగా తిప్పితే మొదట దగ్గింది, మూడు వారాల నిద్ర కదా, తర్వాత అందుకుంది. ఆ చప్పుడుకి సంతోషం కలగాలి. ఒళ్ళంతా మండింది. ఇప్పుడే వెళ్ళాలి. కూతురింటి ముందు ఆపి, హారను కొట్టి, అందరూ బయటికి వచ్చాక, ఏమే, పంపు పోయిందన్నారు కదా, అని అడగాలి. ఒక్క మాటే అడగాలి. ఆ తర్వాత జన్మలో మాట్లాడకపోయినా ఫరవాలేదు. వెనక సీటు పోర్టికోలోనే వదిలేశాడు. దిగి, తెరిచి పెట్టిన తలుపులు మూసి, గేటు రెండు రెక్కలూ తీశాడు, రోడ్డు అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు. వచ్చి కూర్చుని గేరు వేసి, కారు మూతి గేటు దాటే దాకా పోనిచ్చాడు.

ఎడం పక్క కిటికీ అద్దం మీద ఎవరో వేలితో తట్టారు.

తల తిప్పాడు. గేటు స్తంభం పక్కన, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో, చేతిసంచీ పట్టుకుని భార్య నిలబడి ఉంది. నీడలో కాదు, ఎండలోనే. ఆయన అద్దం దించాడు.

"మీరు గేటు తీస్తున్నప్పుడే ఇక్కడున్నాను," అంది. "చెయ్యి కూడా ఊపాను."

ఇంజను నడుస్తోంది. ఆవిడ తలుపు తీసి ఎక్కబోలేదు, అలాగే కిటికీలోంచి వంగి, బస్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశానని, పొద్దున ఊడుస్తుంటే మంచం కింద పెట్టె కనపడిందని, మీద బొమ్మ చూస్తే అర్థమైందని చెప్పింది. సంజాయిషీలా లేదు, వార్డులో డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పినట్టుంది.

"ముడి నీదే," అన్నాడాయన.

"నాదే. దాచాలనుకుంటే ఆ ముడి వేస్తానా? ఎప్పుడో ఒకప్పుడు సీటు ఎత్తకుండా ఉండరని తెలుసు."

"నోరు లేదా నీకు? చెప్పకూడదా?"

"అడిగాను కదా. ఆ చుక్కలు దేనికని మూడుసార్లు అడిగాను. పొడిబారాయన్నారు మూడుసార్లూ." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకే చెప్పారు ఆ మాట. ఆ మందు ఎన్ని వేల కళ్ళలో వేశానో తెలిసి కూడా నాకే చెప్పారు."

ఆ మాట ఆయన కోపాన్ని తగ్గించలేదు, దానికి నిలబడే చోటు లేకుండా చేసింది, అంతే. సైలెన్సర్‌కి చెప్పావు, అన్నాడు. అల్లుడికి చెప్పావు. దారిన పోయేవాడికి తెలిసింది నా సంగతి, నాకు తెలియలేదు. పిచ్చివాణ్ణి చేసి ఆడించారు. అంటున్నకొద్దీ గొంతు పెరగాల్సింది పోయి తగ్గిపోతోంది. ఆవిడ కాదనలేదు. ఆడించామండీ, అంది. వేరే దారి దొరకలేదు, అంది. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే బాగుండును, కాదనడానికైనా ఉండేది.

చివరికి అడగకూడదనుకున్నదే అడిగాడు. "పాపకి తెలుసా ఇది?"

"ప్లగ్గు సంగతి దానికి తెలియదు. సిగ్నలు సంగతి అదే చెప్పింది, రెండు రోజులు అన్నం సయించక, మూడో రోజు." ఆవిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఒట్టు తప్పానని తాతయ్యకి తెలిసిపోయిందట. అందుకే బడికి రావడం మానేశారట. మూడు వారాలుగా అదే అనుకుంటోంది. కారు పాడైందమ్మా అంటే నమ్మట్లేదు. మీరేమో కారు లేకపోతే గుమ్మం దిగరు."

ఆయన ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఎవరో సైకిలు మీద వెళ్ళారు, ఎదురుగా వచ్చారు గనక కనిపించారు, తర్వాత లేరు. ఇంత మందిలో తనని మోసం చెయ్యనిది ఆ ఒక్క పిల్లే అనుకున్నాడు ఈ గంటసేపూ, తర్వాత అదీ చేసిందని తెలిసింది, తెలిసిన ఆ క్షణం లోపలే అది మోసం కాదని కూడా తెలిసిపోయింది. ఏడేళ్ళ దాని చేత ఒట్టు వేయించి, దాని నెత్తిన మోయించిన బరువు తనది. దాన్ని అన్నం తిననివ్వనిది తను. మిగిలిన వాళ్ళ సంగతి వేరు. మిగిలిన వాళ్ళని, ఈవిడని, ఇవాళ కాదు రేపు కాదు, ఎప్పటికి క్షమిస్తాడో ఆయనకే తెలియదు. ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా, నీళ్ళూ నూనెలా, గుండెలో పక్కపక్కనే నిలబడ్డాయి.

తప్పుకో, అన్నాడు. ఆవిడ తప్పుకుంది. కారుని తిన్నగా వెనక్కి పోర్టికోలోకి తెచ్చాడు, ఇంజను ఆపాడు. ప్లగ్గు మళ్ళీ పీకలేదు. ఆవిడ చెయ్యి చాచలేదు గాని, చాచినా ఇచ్చేవాడు కాదు, తాళం తన జేబులోనే వేసుకున్నాడు. లోపలికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు, రెండుసార్లు రుద్దినా పెట్రోలు వాసన వదల్లేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ ఎక్కడికని అడగలేదు, పాప దగ్గరికేనని తెలుసు. ఇంటికి తాళం పెట్టి తనూ బయల్దేరింది. ఆయన కుడి వైపు నడిచాడు, ఆవిడ ఎడం వైపు నడిచింది, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు. ఏ సందు ఎక్కడ తిరుగుతుందో ఆయనకి తెలుసు, ఏ ఇంటి ముందు ఏ రాత్రి స్ట్రెచరు దింపారో తెలుసు, బస్టాపు ఎక్కడుందో మాత్రం ఆవిడ నడిచిన దారినే చూసుకుని వెళ్ళాల్సి వచ్చింది.

స్టాపులో ఐదారుగురు ఉన్నారు. ఒక బస్సు వచ్చింది. నంబరు నిక్షేపంలా కనిపించింది, అది ఎటు పోతుందో తెలియలేదు. పక్కనే ఆవిడ ఉంది, ఆవిడకి తెలుసు, ఆ బస్సే అయివుంటుంది, అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంది. ఆయన ఆవిడ వైపు తిరగలేదు. ఇటు పక్క గొడుగు పట్టుకుని నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి వైపు తిరిగి, "బాబూ, ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగాడు.